ఎర్ర చుక్క గ్లాసు

ఫోను మోగేసరికి శాంతి చారుకి తాలింపు వేస్తోంది. అవతల ఆశా వర్కరు సత్యవాణి.

"అమ్మా శాంతిగారూ, మాస్టారి తెమడ పరీక్ష రిపోర్టు వచ్చేసిందండి. నెగిటివండి! ఇంక ఆయన వల్ల ఎవరికీ అంటదంటండి. ఆయ్, డాక్టరుగారే చెప్పమన్నారు."

మూకుట్లో ఆవాలు మాడిపోయాయి. మాడితే మాడాయిలే అనుకుంది శాంతి. గరిటె చేత్తో పట్టుకునే హాల్లోకి పరుగెత్తి, రాజోలు కాలేజీలో పాఠాలు చెప్పడానికి బయల్దేరుతున్న మొగుడి వీపు మీద దాంతోనే ఒక్కటి వేసింది.

"ఏవండీ, నెగిటివ్! మావయ్యగారికి నెగిటివ్!"

శ్యామ్‌బాబు ఇస్త్రీ చొక్కా మీద పసుపు మరక పడింది. అతను తిట్టబోయి, తిట్టలేక, నవ్వేసి గరిటె లాక్కున్నాడు. శాంతి కాపరానికి వచ్చాక ఆ ఇంట్లో అంత గట్టిగా నవ్వు వినబడ్డం అదే మొదలు.

డిసెంబర్లో పెళ్ళయింది. అమలాపురం నుంచి సఖినేటిపల్లి దగ్గరి ఈ ఊరికి కోడలై వచ్చింది. పెళ్ళి ఆల్బమ్ రాకముందే మావయ్యగారి ఎక్స్‌రే వచ్చింది. పెళ్ళిపందిట్లో దగ్గితే అలసటనుకున్నారు, ఆ తర్వాత మంచు పడలేదనుకున్నారు. టీబీ అని తేలింది. అత్తగారు ఏనాడో పోయారు. ఇంట్లో ఉన్నది ముగ్గురు. కాబట్టి ఆయన్ని చూసుకునే పని శాంతిదే అయింది. ఆ పని ఆమె ఇష్టంగానే నెత్తికెత్తుకుంది. కొత్త కాపరంలో ఆమెకి అన్నీ ముచ్చటే. అన్నం చిమడకుండా దిగితే పండగ, మొగుడు రాజోలు నుంచి వస్తూ మూర పూలు తెస్తే ఇంకో పండగ. కాలేజీలో డిగ్రీ చదివినన్నాళ్ళూ హాస్టలు గది సర్దినంత శ్రద్ధగా మావయ్యగారి వసారా గది సర్దింది.

ఇద్దరూ ఆ గదికి పరుగెత్తారు. ఏసుదాసు మాస్టారు మంచం మీద కూర్చుని కిటికీలోంచి కొబ్బరిచెట్ల కేసి చూస్తున్నారు. ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరుగా రిటైరయిన మనిషి. బెత్తం పట్టకుండానే పిల్లల్ని కూర్చోబెట్టేవారని ఊళ్ళో పేరు. ఇప్పుడు చొక్కాలో మనిషి ఉన్నాడో లేడో తెలియడంలేదు.

"మావయ్యగారూ, క్రిములు పోయాయండి! నెగిటివ్ వచ్చిందండి!"

"ఆయ్. మంచిదమ్మా," అన్నారాయన, ఎవరో వచ్చి బయట వాన తగ్గిందని చెప్పినట్టు.

"ఇంక ఈ పూట నుంచి లోపల బల్ల దగ్గర మాతోపాటే తినాలండి."

"చూద్దాంలేమ్మా. ఇక్కడ గాలి బాగుంటుంది."

ఆ రోజు కొబ్బరాకు కూడా కదలడంలేదు.

శ్యామ్‌బాబు తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. చేతికి ఎముక తగిలింది కాబోలు, వెంటనే తీసేశాడు. బస్సుకి వేళయిందంటూ గుమ్మం దిగి వెళ్ళిపోయాడు. శాంతి అక్కడే నిలబడింది. పొద్దున్న పెట్టిన ఇడ్లీ సగం అలాగే ఉంది. కిటికీ గట్టు మీద మావయ్యగారి స్టీలు గ్లాసు బోర్లించి ఉంది, పొడిగా. దాని అంచు కింద ఎర్ర చుక్క.

ఆ చుక్క శాంతి పెట్టిందే. ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితంలో మాస్కు పెట్టుకోమని, దగ్గినప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోమని మాత్రమే ఉంది. ఎందుకైనా మంచిదని శాంతే ఒక కంచం, గిన్నె, గ్లాసు ఆయనకి విడిగా తీసింది. మిగతావాటిలో కలిసిపోకుండా తన పెళ్ళినాటి గోళ్ళరంగుతో ఒక్కొక్క చుక్క పెట్టింది. "మా నాన్నకి కూడా పారాణి పెడుతున్నావేంటి?" అని శ్యామ్‌బాబు వేళాకోళం చేశాడు. తోమగా తోమగా చుక్క అరిగేది. శనివారం తన గోళ్ళకి రంగు వేసుకున్నప్పుడు ఆ గ్లాసుకీ మళ్ళీ దిద్దేది. మీద అల్లిక రుమాలు కప్పేది. అలా కప్పి చూసుకున్నప్పుడల్లా తనంత చక్కని కోడలు గోదావరికి ఈ గట్టునా ఆ గట్టునా ఉండదని లోలోపల మురిసిపోయేది.

మావయ్యగారి చొక్కా రొమ్ము దగ్గర ఎప్పట్లాగే తడిసి ఉంది. మోచేతుల దగ్గర కూడా. "మావయ్యగారికి నీళ్ళు తాగడం రాదండి, చంటిపిల్లాడిలా ఒంటి మీద పోసుకుంటారు," అని మొగుడికి చెప్పి చాలాసార్లు నవ్వించింది. ఇవాళ ఎందుకో నవ్వు రాలేదు.

మధ్యాహ్నం సత్యవాణి బరువు చూసే మిషను సంచిలో పెట్టుకుని వచ్చింది. మాస్టార్ని చెయ్యి పట్టుకుని ఎక్కించింది. ముల్లు ఆగాక దింపి, మంచం మీద కూర్చోబెట్టి, శాంతిని గుమ్మం అవతలకి పిలిచింది.

"మళ్ళీ తగ్గేరండి. క్రిములు పోయినా మనిషి నిలబడాలి కదండీ. మందులు మొదట్లో ఆకలి చంపుతాయి గాని, ఈపాటికి తిండి పట్టాలండి. తింటన్నారా అసలు?"

"పెట్టిందాంట్లో సగం కాకులకే పోతోందండి."

"వచ్చేవారం కూడా ఇలాగే ఉంటే కాకినాడ తీసుకెళ్ళి పడుకోబెట్టాలన్నారండి డాక్టరుగారు. మీ ఆయనకి కాస్త చెప్పండి."

కాకినాడ మాట వినగానే శాంతి గబుక్కున తలుపు దగ్గరికి వేసింది. అత్తగారు కాకినాడ ఆసుపత్రికి వెళ్ళే తిరిగి రాలేదు. ఆ ఇంట్లో ఆ ఊరి పేరు ఎవరూ ఎత్తరు. ఆఖరికి కాకినాడ కాజా అని కూడా అనరు, తీపి కాజా అంటారు. గుమ్మం వెనక మంచం కిర్రుమంది. మావయ్యగారు విన్నారు.

ఎండ వాలాక మార్తమ్మగారు దిగారు. మాస్టారి అక్క. పెళ్ళి అయిపోయినప్పట్నుంచీ నర్సాపురంలో కూతురింట్లో ఉన్నావిడ, నెగిటివ్ కబురు వినగానే పంటు పడవ మీద గోదావరి దాటి, ఆటో ఎక్కి వచ్చేశారు. చేతిలో క్యారేజీ.

"ఏవే కొత్త పెళ్ళికూతురా, బొద్దుగా తయారయ్యేవే! నా తమ్ముడికి పెట్టే తిండి కూడా నువ్వే తినేస్తన్నావా ఏంటి?"

"ఆయ్, మరేనండి పెద్దమ్మగారూ. చేపలకూర మీకు కూడా మిగల్చనండి ఇవాళ."

ఆవిడ పకపకా నవ్వారు. పండుగప్ప పులుసు వాసనతో ఇల్లంతా నిండిపోయింది. శాంతికి ప్రాణం లేచొచ్చింది. అక్కగారి చేతి వంటకైనా ఆకలి పుట్టదా? గబగబా అన్నం పెట్టి, పెద్ద ముక్క వేసి, గ్లాసుతో నీళ్ళు పట్టుకుని వసారా గదిలోకి తెచ్చింది. మార్తమ్మగారు తమ్ముడి పక్కన కూర్చుని, ముల్లు తీసి పెట్టబోతూ కంచం కేసి చూశారు. ఆ తర్వాత గ్లాసు కేసి చూశారు. చెయ్యి ఆగిపోయింది.

"ఈ చుక్కేంటే?"

"మావయ్యగారివని గుర్తండి. మావాటిలో కలిసిపోకుండా పెట్టేనండి."

మాస్టారు కిటికీ వైపు తిరిగారు. మార్తమ్మగారు లేచి, శాంతి రెక్క పుచ్చుకుని దొడ్లో పంపు దగ్గరికి తీసుకెళ్ళారు. ముఖంలో నవ్వు లేదు.

"ఎర్ర రంగే దొరికిందా నీకు?"

"పెళ్ళిలో కొన్నదండి. ఏమైందండి?"

"మీ అమ్మా నాన్నా నీకేం చెప్పలేదా?"

"ఏం చెప్పాలండి?"

ఆవిడ పంపు గట్టు మీద కూలబడ్డారు. "మా చిన్నప్పుడు రేవులో టీ కొట్టుండేది. కొట్టు గుంజకి బయట పక్క మేకు. దానికి ఒక గ్లాసు. గ్లాసుకి ఎర్ర రంగు చుక్క. అది మన పేట వాళ్ళది. తాగి, మనమే కడిగి, మళ్ళీ మేకుకి తగిలించాలి. కామందుగారి దొడ్లో అయితే అదీ లేదు. దోసిలి పడితే పైనుంచి పోసేవారు. మోచేతుల మీంచి కారిపోయేవి సగం నీళ్ళు."

మావయ్యగారి తడిసిన చొక్కా శాంతి కళ్ళ ముందుకొచ్చింది. గ్లాసు ముట్టకుండా ఇన్నాళ్ళూ దోసిట్లోనే తాగుతున్నారన్నమాట.

"వీడికి మాస్టారుద్యోగం వచ్చిన రోజున సరాసరి ఆ కొట్టుకే వెళ్ళి, లోపల బల్ల మీద కూర్చుని, మామూలు గ్లాసులో టీ ఇమ్మన్నాడు. కొట్టువాడు మారుమాటాడకుండా ఇచ్చేడు. వీడు తాగి ఇంటికొచ్చి, మా అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేడు. అప్పట్నుంచీ చుక్కున్న గ్లాసు ముట్టడు. నువ్వు ఇంట్లో, కంచంతో సహా పెట్టేవు. ఎలా దిగుద్దే ముద్ద?"

శాంతి నాన్నగారు ఎల్‌ఐసీ ఆఫీసరు. అమలాపురంలో డాబా ఇల్లు, కారు, వేసవిలో ఏసీ. ఎప్పుడైనా ఆయన పుట్టిన ఊరి మీదుగా వెళ్ళాల్సొస్తే కారు అద్దాలు పైకెత్తేసేవారు. దుమ్ము అనేవారు. వెనక సీట్లో కూర్చున్న శాంతి దుమ్మే అనుకుంది.

తన గదిలోకి పరుగెత్తి గోళ్ళరంగు తుడిచే సీసా తెచ్చింది. దూదితో గ్లాసు మీది చుక్క రుద్దింది. ఇట్టే పోయింది. అంత సులువుగా పోవడం ఆమెకి ఇంకా బాధేసింది. కంచంలో అన్నం వేరే పళ్ళెంలోకి తీసి, కంచం, గిన్నె కూడా తుడిచింది. చింతపండు పెట్టి, బూడిద పెట్టి, చేతులు మండేదాకా తోమింది. కొత్త నీళ్ళు నింపి మావయ్యగారి ముందు పెట్టింది.

ఆయన గ్లాసు అటూ ఇటూ తిప్పి చూశారు.

"చుక్కేదమ్మా?"

"తుడిచేసేనండి."

"మార్తక్క చెప్పేసిందన్నమాట."

గ్లాసు గట్టు మీద పెట్టేశారు. తాగలేదు.

శాంతి నేల మీద కూర్చుండిపోయింది. క్షమించమని అడగాలనుకుంది. ఆ మాట అంత పెద్దదానికి ఏ మూలకీ చాలదనిపించింది. ఏడుపొచ్చేసింది.

"నాకు చెప్పొచ్చు కదండీ మావయ్యగారూ. ఒక్క మాట అనొచ్చు కదండీ."

"ఏమని చెప్పనమ్మా? నువ్వేమో రుమాలు కప్పి, ముచ్చటగా తెచ్చి పెట్టేదానివి. నీ మనసులో ఏవీ లేదని నా బుర్రకి తెలుసు. గొంతుకే తెలీట్లేదు. పట్టుకుపోతోంది."

శ్యామ్‌బాబు ఎప్పుడొచ్చాడో, భుజానికి సంచితో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పొద్దున్న పసుపు మరక పడిన చొక్కాతోనే ఉన్నాడు.

"నాకు కూడా ఎప్పుడూ చెప్పలేదేంటి నాన్నా?"

"చెప్పకూడదనే చెప్పలేదురా. మీకు తెలీకుండా పెరిగితే చాలనుకున్నాం. మీ అమ్మా నేనూ అదే అనుకున్నాం, ఈ పిల్ల వాళ్ళ నాన్నా అదే అనుకుని ఉంటారు. మేం అనుకున్నట్టే పెరిగేరు. ఇప్పుడు ఎవర్ని అనమంటావు?"

పులుసు మీద నూనె తెట్టు కట్టింది. బయట చీకటి పడబోతోంది, కొబ్బరితోటలో ముందే పడిపోయింది. దగ్గు రాకపోయినా మాస్టారు అలవాటుకొద్దీ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"అయితే శాంతి చెప్పిన ఆ కాకినాడే పోతావా ఏంట్రా?" అన్నారు మార్తమ్మగారు ఉన్నట్టుండి. "వెళ్ళి మీ ఆవిడ పడుకున్న మంచమే అడుగు. ఈ పిల్లని ఏడిపించి వెళ్ళు ముందు. తిండి మానేసి పిల్లల్ని ఏడిపించే మాస్టారు నువ్వేనంట, చూడ్డానికొచ్చేను."

మాస్టారు చాలాసేపు శాంతి తల కేసి చూశారు. బడిలో ఏడ్చే పిల్లల్ని చూసినప్పుడు ఆయన ముఖం ఇలాగే మెత్తబడేదని శ్యామ్‌బాబు ఎప్పుడో ఆమెకి చెప్పాడు.

"లేమ్మా, కింద చల్లగా ఉంటుంది. ఇంట్లో ఉన్న గ్లాసులన్నీ తోమి బల్ల మీద పెట్టు. దీన్ని కూడా వాటిలో కలిపెయ్యి. ఏది నాదో నాకు తెలీకూడదు, నీకూ తెలీకూడదు."

"ఇప్పుడే పెడతానండి."

"ఇప్పుడొద్దు. ఇవాళ నాకు దిగదు, అబద్ధమాడను." ఆయన గోడ పట్టుకుని లేచి నిలబడబోయి, మళ్ళీ కూర్చుండిపోయారు. ఊపిరి అందాక అన్నారు. "రేపు పొద్దున్న టిఫిను వేళకి బల్ల దగ్గరికి నేనే వస్తాను. నీళ్ళు మాత్రం మీరెవరూ ముట్టకండి. అందరికీ నేనే పోస్తాను."

"జగ్గు బరువండి, మీ చెయ్యి వణుకుతోంది," అంది శాంతి కళ్ళు తుడుచుకుంటూ.

"ఒలికితే ఒలుకుతాయి, తుడుద్దువుగాని. ఏ గ్లాసు ఎవరి ముందుంటే వాళ్ళు అది తాగాలి. ముందు మీరు తాగండి, ఆనక నేను ప్రయత్నం చేస్తాను. పొద్దున్నే లే మరి. ఎండెక్కేదాకా లేవవని మావాడు చెప్పేడు."