అడ్డబోదెలు

ఆ ఏడు సర్వాది ఆలుగడ్డ బోదెలు కొండవాలుకి అడ్డంగా వేశాడు. డియెంగ్ కొండల మీద బుద్ధున్నవాడెవడూ చేయని పని. అక్కడ బోదెలు పైనుంచి కిందిదాకా నిలువుగా దిగాలి. వాన నీళ్లు జారిపోవాలి, దుంప కుళ్లకూడదు. నీళ్లతోపాటు మట్టీ పోతుంది, పోనీ. దాన్ని సెరాయు నది చూసుకుంటుంది, నదికి దిగువనున్న ఆనకట్ట చూసుకుంటుంది.

సర్వాది మట్టి మాత్రం తిన్నగా నదికి పోవడంలేదు. చేనుకి దిగువన చెల్లెలు రుబియా ఇల్లుంది. మొగుడు పోయాక ఆమె అన్నతోపాటు ఆ చేలోనే రెక్కలు ముక్కలు చేసుకుని పంటలో సగం తీసుకుంటోంది. కిందటి వానలకి ఆమె వంటింటి గోడ కూలి, పొయ్యి మునిగేలా బురద వచ్చి కూర్చుంది. గోడ మళ్లీ కట్టింది సర్వాదే. కడుతూ కడుతూ అనుకున్నాడు, ఈసారి బోదెలు తిప్పేయాలని.

పక్క చేను వగిమిన్ చూసి పడీపడీ నవ్వాడు.

"ఏరా సర్వాదీ, నీ చేను అడ్డంగా పడుకుందేంట్రా? ఒంట్లో బాలేదా?"

"నీది నిలబడే ఉందిగా. నిలబడి నిలబడి దాని ఎముకలు బయటపడ్డాయి, చూసుకో."

"రాళ్లయితే ఏంరా, తడి లేదు. నీ దుంపలు మాత్రం ఈత నేర్చుకుంటాయి."

వాడి నోటి చలవో ఏమో, ముసురు పట్టుకుని వదల్లేదు. చాళ్లలో నీళ్లు నిలిచాయి. ఒక పొద్దున సర్వాది మొక్క పెకలించి చూస్తే దుంప తోలు వేలికింద జారిపోయింది. వాసన చూసి విసిరికొట్టాడు. ఇవాళ ఈ వరస. ఇంకో రెండు రోజులు నీళ్లు కదలకపోతే చేనంతా ఇదే.

బోదెలకి పైనుంచి గండి కొడితే పంట దక్కుతుంది. కానీ దిగే నీళ్లకి దారేది? ఒక పక్క వగిమిన్ గట్టు, ఇంకో పక్క రాతిబండ, సరిగ్గా మధ్యన రుబియా వంటిల్లు. పార ఎత్తాడు. కింద ఆ ఇంటి కప్పులోంచి పొగ లేస్తోంది. పార దించి తడి బోదె మీదే కూలబడ్డాడు. కూర్చుంటే దుంప కుళ్లుతుంది, లేస్తే గోడ కూలుతుంది.

రుబియా గోనెసంచి నెత్తిన కప్పుకుని పైకి వచ్చింది.

"ఏంటన్నా, కూర్చున్నావ్? దుంపలకి జోల పాడుతున్నావా?"

"గండి కొడితే నీ ఇంట్లోకేనే వచ్చేది."

"నాకు తెలీదా? పొయ్యి ముందుగదిలోకి మార్చేశా. బియ్యం డబ్బా మంచమెక్కించా."

"మరి గోడ?"

"గోడ ఉడకేసుకు తింటామా?"

"నీకోసమేనే బోదెలు తిప్పింది."

"నన్నడిగి తిప్పావా? అడిగుంటే అప్పుడే చెప్పేదాన్ని. మట్టి ఎత్తిపోసుకోవచ్చు, కుళ్లిన దుంపనేం చేసుకుంటాం?"

ఆమె అతని చేతిలోంచి పార లాక్కుని పై బోదె మీద వేసింది. ముదురు బెల్లప్పాకం రంగు నీళ్లు బుసకొడుతూ దూకాయి. తర్వాతి బోదె అతను తెంపాడు. అలా దెబ్బకి దెబ్బ వేస్తూ ఇద్దరూ కిందిదాకా దిగారు. గట్టు మీద వగిమిన్ నిలబడి చూస్తున్నాడు. ఈసారి నవ్వలేదు.

చివరి గండి పడ్డ కాసేపటికి కిందనుంచి దబ్బుమని చప్పుడైంది. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు.

వాన తెరిపిచ్చాక వంటింట్లో బురద ఎత్తడం మొదలుపెట్టారు. అందులో కొట్టుకొచ్చిన దుంపల్ని రుబియా ఏరి, నొక్కి చూసి, గట్టివి గిన్నెలో వేసుకుంది. సర్వాది బురదని గోతాలకెత్తాడు.

"ఎక్కడ పోస్తావ్?"

"ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడే."

"మళ్లీ వస్తుంది."

"వస్తుంది. వంగుతున్నా, ఎత్తు."

ఆమె గోతం ఎత్తి అతని వీపుకెక్కించింది. పైకి ఎక్కుతుంటే, తను కొట్టిన గండిలోంచే సన్నటి ఎర్రనీటి ధార అతని కాళ్లమధ్యనుంచి కిందికి పోతోంది.