దిగరాదు

విడిచిన బట్టల బుట్టలో, అడుగున బూట్లు దాచాను. మా ఇంట్లో అంతకన్నా భద్రమైన చోటు లేదు. ముగ్గురు మనుషులు పైనుంచి బట్టలు పడేస్తారు, అడుగుదాకా చెయ్యి పెట్టేది నేనొక్కదాన్నే. పదహారేళ్లలో మా అత్త కమలమ్మకు గానీ, మా ఆయన సందీప్‌కు గానీ ఆ బుట్ట అడుగు ఏ రంగులో ఉంటుందో తెలియదు. అయినా వంటింట్లో చపాతీలు ఒత్తుతున్నంతసేపూ నా చెవి బాత్రూం వైపే ఉండేది. బుట్ట మూత చప్పుడైతే చాలు, కర్ర వదిలేసి తొంగి చూసేదాన్ని.

నా జీతంతో కొనుక్కున్న సైకిల్ బూట్లే. కానీ మా ఇంట్లో సైకిల్ షరతుల మీద నడుస్తోంది. షుగర్ రాబోతోందని డాక్టరు చెప్పాక, కోదాడ నుంచి నేను తెలుగు చెప్పే చిలుకూరు బడికి సైకిల్ మీద వెళ్తానన్నాను. సందీప్ అన్నం కలుపుకుంటూ, నా మొహం చూడకుండానే అన్నాడు. "పో. గని ఒక్కసారి పడ్డవని నాకు తెలిసిందనుకో, ఆ రోజుతోని సైకిల్ ఖతం." మామ జనార్దన్ ఇంకో షరతు కలిపాడు. ఊరి చివర టీ హోటల్ ముందు పొద్దున్నే దోస్తులతో కూర్చుంటాడాయన. "కోడలు మా ముందలికెల్లి సైకిలెక్కి పోతే బాగుండదమ్మా. గాడ దిగి, నడిపిచ్చుకుంట పోయి, మళ్ల ఎక్కు." ఏడాదిన్నరగా రోజూ అక్కడ దిగుతున్నాను. నలభై అడుగులు తల వంచుకుని నడిచి మళ్లీ ఎక్కుతున్నాను. నాకది అవమానంగా ఉండేది. ఎవరితోనూ అనలేదు.

మొన్నటి వానల్లో, పెడల్ మీద కాలు జారింది. వెనకే ఇసుక టిప్పర్. దాని హారన్ నా వీపు మీదే మోగినట్టయింది. పడలేదు, కానీ ఆ రోజు నుంచి ఏ లారీ చప్పుడు విన్నా పాదాలు చల్లబడిపోయేవి. మా బళ్లో లెక్కలు చెప్పే సింధుకు చెప్పుకున్నాను. ఆమెది మిర్యాలగూడ, ఆదివారాలు సూర్యాపేట దాకా సైకిల్ మీద పోయి వస్తుంది.

"కాలు జారకుంట పట్టుకునే పెడల్లుంటయ్ మేడం. బూటు కింద ఇనుప బిళ్ల ఉంటది, అది పెడల్ల కూసుంటది. క్లిప్‌లెస్ అంటరు."

"క్లిప్ లేదని పేరు పెట్టి కట్టేస్తరా?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అంత తియ్యటి పేర్లు పెట్టి కట్టేసేవి నాకు ఇంకొన్ని తెలుసు.

సూర్యాపేట దుకాణంలో మగవాళ్ల సైజులే ఉన్నాయి. "లేడీస్‌కు గివెందుకు మేడం?" అన్నాడు దుకాణం అతను. చివరికి సింధు తెల్లకాగితం మీద నా పాదం పెట్టించి, పెన్సిల్‌తో చుట్టూ గీసి, ఆ సైజుల్లో నాకు సరిపోయేదేదో కొలత తీసింది. ఇన్నేళ్లూ అత్తకు తెచ్చిన సైజు చెప్పులే నాకూ తెచ్చేవారు. నా పాదం ఒక నంబరు పెద్దదని ఆ రోజే తెలిసింది. బూట్లలో రెండు రకాలట. పందేలవాళ్లవైతే బిళ్ల బయటికి పొడుచుకొస్తుంది, వేసుకుని నడవడం కష్టం. రెండోవాటికి బిళ్ల అడుగు లోపలికి ఉంటుంది. బడి వరండాలో నడవాలి కాబట్టి రెండోవే తీసుకున్నాను. పెడల్లు ఒకవైపు పట్టుకునేవి, ఒకవైపు మామూలువి. కాలు సులువుగా విడివడేలా సింధు వాటి మర వదులు చేసింది. "కాలు పైకి గుంజొద్దు మేడం, పక్కకు తిప్పాలె" అని పదిసార్లు చెప్పింది.

హోటల్ దాటేదాకా చెప్పులు, ఆ తర్వాత బూట్లు. ఇదీ నా ఏర్పాటు. బడి గోడ పట్టుకుని మొదటిసారి కాలు బిగించినప్పుడు టక్కుమంది. బయటి నుంచి తలుపుకు గడియ పెట్టిన చప్పుడు అది. రెండు రోజులు భయపడుతూనే తొక్కాను.

మూడోరోజు, మంగళవారం, హోటల్‌కు తాళం వేసి ఉంది. అమ్మయ్య అనుకుని, అక్కడే బూట్లు వేసుకుని బయల్దేరాను. మలుపు తిరిగేసరికి కల్వర్టు గోడ మీద మామ, నలుగురు దోస్తులు. నన్ను చూసి చెయ్యెత్తాడు.

"జర దిగరాదమ్మా!"

నా బుద్ధి కన్నా ముందు నా ఒళ్లు విన్నది. చేతులు బ్రేకు పట్టుకున్నాయి. కాళ్లు రోజూలాగే పైకి లేవబోయాయి, రాలేదు. గుంజాను, రాలేదు. సైకిల్ ఒక క్షణం నిలబడి, నన్ను పట్టుకునే పక్కకు ఒరిగింది. మోచెయ్యి కంకరలో దిగింది.

"ఏంది జనార్దనూ, కోడలు సాష్టాంగమే పెట్టింది!" అన్నాడెవరో. అందరూ నవ్వారు.

"దిగుడు రాలేదు మామయ్యా" అన్నాను, సైకిల్ కింది నుంచే. ఆయన నా మోచెయ్యి చూడలేదు. రోడ్డు మీద ఇంకెవరు చూశారో అటూ ఇటూ చూసుకున్నాడు.

ఆ రోజు ఎనిమిదో తరగతికి నిషేధార్థక వాక్యాలు చెప్పాలి. మంటపుట్టే చేత్తోనే బోర్డు మీద 'గోడలపై రాయరాదు' అని రాశాను. భాగ్య లేచింది. "రాయరాదు అంటే రాయమనే గద మేడం? మా అమ్మ గట్లనే అంటది, జర రాయరాదే అని." తరగతంతా గొల్లుమంది. "ఇంట్ల గట్లనే అంటరు. పుస్తకంల మాత్రం రాయకూడదనే అర్థం. పరీక్షల అదే రాయాలె" అన్నాను.

భాగ్య తల్లి వీరమ్మ మా బళ్లోనే మధ్యాహ్నం వంట చేస్తుంది. మోచేతికి పసుపు అద్దుతూ బూటు తిప్పి చూసింది.

"గుంజినవా? గుంజితే వస్తదా మేడం? నాట్లేసేటప్పుడు బురదల దిగబడ్డ కాలు గుంజితే ఇంకింత దిగుతది. మడిమె బయటికి మలపాలె. అదే వస్తది."

మా పొలానికీ నాటు వేసే మనిషే ఆమె. ఆ పొలంలో నేనెప్పుడూ దిగలేదు, గట్టు మీద టీ ఫ్లాస్కు పెట్టి వచ్చేదాన్ని. సింధు పదిసార్లు చెప్పినా ఎక్కనిది ఈ మాటతో నా కాలికి ఎక్కింది. బడి వదిలాక గోడ వెంట నలభైసార్లు బిగించాను, నలభైసార్లు మడమ తిప్పి విడిపించుకున్నాను.

ఇంటికి వెళ్లేసరికి కబురు నా కన్నా ముందే చేరింది.

"పడ్డవంట" అన్నాడు సందీప్, టీవీ చూస్తూనే. "రేపటి సంది ఆటోల పో. సైకిల్ ఆదివారం ఎవరికన్న ఇచ్చేస్త."

"నలుగురిల నవ్వులపాలు చేస్తివి" అంది అత్త. మోచెయ్యికి ఏమైందని ఎవరూ అడగలేదు. నేను తల ఊపి, కంచాలు పెట్టాను. ఆ తల ఊపడం నాకే అసహ్యమనిపించింది.

పొద్దున్నే అందరి డబ్బాలూ కట్టి బల్ల మీద పెట్టాను. బుట్ట అడుగు నుంచి బూట్లు తీసి, హాల్లో అందరి ముందే కూర్చుని వేసుకున్నాను. పట్టీ రెండుసార్లు జారింది. లేచి నడిస్తే టైల్స్ మీద టక్ టక్ మన్నాయి.

"ఆ సప్పుడేంది సరితా?" అంది అత్త.

"నా బూట్లత్తయ్యా."

"ఆటోల పొమ్మన్న గద!" సందీప్ కేక బాత్రూంలో నుంచి వచ్చింది. అప్పటికే గేటు తీశాను. సంచిలో చెప్పులు పెట్టుకోలేదు.

రోడ్డంతా భయంగానే ఉంది. సాయంత్రం ఇంటికి ఎలా వెళ్లాలో తెలియదు. ఎడమ మడమ తిప్పి చూశాను, వచ్చింది. కుడిది తిప్పాను, వచ్చింది. రెండూ మళ్లీ బిగించాను. దూరంగా హోటల్ తెరిచే ఉంది. బెంచీ మీద నలుగురూ ఉన్నారు. మామ నన్ను చూసి, టీ గ్లాసు పక్కన పెట్టి, లేచి నిలబడ్డాడు.

"సరితా! జర దిగరాదమ్మా!"

నా మడమ దానంతటదే తిరగబోయింది. ఈసారి తిప్పితే వస్తుంది. నాకు భయమేసింది అందుకే. మడమను గట్టిగా ఆపుకున్నాను. ఎనిమిదో తరగతికి నేను చెప్పిన వ్యాకరణం ప్రకారం, ఆయన మాటకు ఒక్కటే అర్థం.

"సరే మామయ్యా, దిగను" అన్నాను.