ఫ్రేము వెనక గోడ

"ఆ ఎర్రరంగు గడులు చూసావా రూబీ? ఈ ఇల్లు మనకొద్దు" అంటూ మా ఆయన రత్నబాబు ఇంజనీరు రిపోర్టు నా ముందు పడేశాడు.

నాకు ఒళ్లు మండింది. వద్దనడం ఎంతసేపు? జగ్గయ్యపేటలో మంచి బజారులో మాకు ఆ ఇల్లు దొరకడమే గగనం. నందిగామలో అద్దెకు తిరిగినప్పుడే లోకం సంగతి తెలిసింది. ముందు ఇంటిపేరు అడుగుతారు, తర్వాత ఊరు. చెవిటికల్లు అంటే, "చెవిటికల్లులో ఏ బజారండీ?" అంటారు. చెప్పగానే, ఇల్లు వేరేవాళ్లకు మాటిచ్చామంటారు. ఇద్దరం టీచర్లమే, అయినా అంతే.

ఈ ఇంటి ఓనరు నరేంద్రగారు మాత్రం ఏ బజారని అడగలేదు. పైగా మేం రెండోసారి వెళ్లేసరికి పడమటి గది గోడకు ఇంతెత్తు బైబిలు వాక్యం ఫ్రేము తగిలించారు. "మీరు క్రిస్టియన్స్ కదమ్మా, మీకోసమే విజయవాడ నుంచి తెప్పించా" అన్నారు. మా అత్తగారు ఆరోగ్యమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. ఒకప్పుడు మిరపకోత కబురు కోసం ఇలాంటి ఇళ్ల గుమ్మం బయట నిలబడిన మనిషి ఆవిడ. పాస్టరు దేవరాజ్ గారిని పిలిపించి ఆ ఫ్రేము ముందే ప్రార్థన చేయించింది. ఇక ఇల్లు మాదే అనుకున్నాం.

ఇంజనీరుకు చూపిద్దామని పట్టుబట్టింది నేనే. ప్రార్థన అయ్యాక ఇంకా ఈ అనుమానాలేంటని చుట్టాలు మూతులు తిప్పారు. తిప్పుకోనీ. రేపు ఆ కప్పు కింద పడుకునేది వాళ్లా?

రిపోర్టు తీసుకుని ఇంజనీరు కల్యాణ్‌కు ఫోన్ చేశాను. మా ఆయనకు కూడా వినపడేలా స్పీకర్ పెట్టాను.

"ఎరుపంటే ఇల్లు పాడైందని కాదండి మేడం. ముందు అది బాగుచేయించకపోతే మనుషులకి ప్రమాదమని. ఎర్తింగ్ లేదు, గీజరు వైరు కాలింది. ఎలక్ట్రీషియన్ ఒక పూట వచ్చాడంటే సగం ఎరుపు పోద్ది."

"మరి పసుపు?"

"కనిపెట్టుకుని ఉండమని. వెంట్రుకవాసి గీతలు ఏ ఇంటికైనా ఉంటాయి. ఏటవాలుగా చీలితేనే భయపడాలి. అక్కడ నల్లరేగడి కదండీ, ఒకప్పుడు పత్తిచేను. వానకి ఉబ్బుద్ది, ఎండకి కుంగుద్ది. పునాది లోతు లేకపోతే గోడ నిలవదు. అందుకే గోడలన్నీ చూసా."

రత్నబాబు ఊపిరి పీల్చుకున్నాడు. నేను పీల్చుకోలేదు. పిల్లల పేపర్లు దిద్దీ దిద్దీ నాకొక అలవాటైంది. తప్పు రాసిన జవాబు కంటే వదిలేసిన ప్రశ్న మీదే ముందు కన్ను పడుతుంది. చివరి పేజీలో, ఎరుపూ పసుపూ లేని బూడిదరంగు గడిలో, పడమటి గోడ మధ్యభాగం చూడలేదని రాసి ఉంది.

"అన్నీ చూసానన్నారు. ఇదేంటండీ?"

కల్యాణ్ నసిగాడు. "అక్కడ మీ దేవుడి పటం ఉందండి. ప్రార్థన కూడా అయిందని నరేంద్రగారు చెప్పారు. తీస్తే మీరేమనుకుంటారోనని చెయ్యేయలేదు."

అతన్ని ఏమనను? పాస్టరుతో సహా అందరం ఆ గోడ ముందే కదా కళ్లు మూసుకున్నాం.

మర్నాడు అత్తగారితో కలిసి ముగ్గురం జగ్గయ్యపేట వెళ్లాం. నరేంద్రగారు "అయ్యో, దేవుడి ఫ్రేమమ్మా" అంటుండగానే కుర్చీ లాక్కుని ఎక్కి దాన్ని దించాను. వెనక గోడ ఏటవాలుగా చీలి ఉంది. ఫ్రేము దాటి కనపడే రెండు కొసలూ పుట్టీతో పూడ్చి రంగేశారు. మధ్యలో పుట్టీ నిలవక మళ్లీ పగిలింది. నా చిటికెన వేలు అందులో దూరింది.

"ఇళ్లన్నాక ఇట్లాంటివి ఉంటాయమ్మా" అన్నాడు నరేంద్ర. "ఈ బజార్లో మీవాళ్లకి ఇంకెవరిస్తారు చెప్పు? నేను కాబట్టి ఇస్తున్నా. కాస్త సర్దుకోవాలి."

అదీ సంగతి. మాది ఏ బజారో ఇతనికి ముందే తెలుసు. తెలిసే మమ్మల్ని రమ్మన్నాడు.

"మాకెవరూ ఇవ్వరనే కదండీ మాకు చూపించారు" అన్నాను. "పగిలిన గోడ కొనుక్కుని మీకు దణ్ణం కూడా పెట్టాలా? పునాది బాగుచేయించండి. మళ్లీ ఇంజనీరు వస్తాడు, ప్రతి గోడా చూస్తాడు. అప్పుడు కొంటా. లేదంటే మాకక్కర్లేదు."

"అక్కర్లేకపోతే పోండి. కొనేవాళ్లు బోలెడుమంది."

నేను అత్తగారి వైపు చూశాను. ఈ ఇంటి మీద మా అందరికంటే ఎక్కువ ఆశ ఆవిడదే. సర్దుకుందామే అంటుందేమోనని భయపడ్డాను. ఆవిడ వంగి ఫ్రేము తీసుకుని, కొంగుతో అద్దం తుడిచింది.

"దాన్ని మళ్లీ అక్కడే తగిలించు ఆరోగ్యమ్మా. సాయంత్రం ఎవరో చూడ్డానికి వస్తున్నారు" అన్నాడు నరేంద్ర.

ఆవిడ ఫ్రేము చంకన పెట్టుకుంది. అలాంటి ఇళ్లవాళ్లను ఆవిడ నువ్వు అనగా నేనెప్పుడూ వినలేదు.

"మాకోసమే తెచ్చానన్నావు కదయ్యా. వాక్యం మేం తీసుకుపోతాం. పగులు నువ్వుంచుకో."