కూర్చుంటే రాని పాట

రంగూనులో కూలివాడికి ఆదివారమంత చెడ్డ రోజు లేదు. బొటటౌంగ్ రేవు దగ్గర కూలీలుండే మేడగదిలో వారమంతా పగటి జట్టు లేచిన చోట రాత్రి జట్టు పడుకుంటుంది. ఆదివారం రెండు జట్లూ గదిలోనే. కాలు చాపితే ఎవడి తలకో తగులుతుంది. దాన్నే అందరూ సుఖమంటారు. చుట్టలు కాలుస్తారు, పేకాడతారు, పొద్దు తిరిగితే భజన పెడతారు. లింగరాజుకి మాత్రం ఆ రోజు అరికాళ్ళలో చీమలు పాకినట్టుంటుంది.

అతను దక్షిణాఫ్రికాలోని నేటాల్ నుంచి వచ్చినవాడు. పడుచుతనమంతా అక్కడి చెరకుతోటలోనే కరిగింది. అక్కడా ఆదివారం సెలవే. కాని అక్కడ దారి ఉంది. ఎర్రమట్టి దారి, అటూ ఇటూ మనిషెత్తు చెరకు. తోటలో ఎడ్లబండి తోలే జులూ మనిషొకడు అతనికి తిత్తిపెట్టె నేర్పాడు. రెండు చేతుల మధ్య ఇమిడే పెట్టె. నడుమ తిత్తి, రెండు పక్కలా మీటలు. జులూవాళ్ళు దాన్ని కూర్చుని వాయించరు, నడుస్తూ వాయిస్తారు. అడుగు పడితేనే తిత్తి కదలాలి. లింగరాజూ అలాగే నేర్చాడు, ఒక్క పాట. ఆదివారం సాయంత్రం తోట చివరినుంచి వాయించుకుంటూ వస్తే కూలీల ఇళ్ళ లైనులో అతని భార్య తాయారు విని పొయ్యి మీద గిన్నె పెట్టేది. పాట గుమ్మం చేరేసరికి మొక్కజొన్న సంకటి దిగేది.

తాయారు పోయింది. పెట్టె ఉంది.

ఆ ఆదివారం భజనకి శ్రుతి కరువైంది. హార్మనీ వాయించే యర్రయ్య ఓడెక్కి దేశానికి పోయాడు.

"లింగరాజూ, నీ తిత్తిపెట్టి తియ్యి," అన్నాడు కూలీల జట్టు మేస్త్రి వీరన్న. "సుతి నేకండా బజనేటి? ఇలా కూకో."

కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. తిత్తి ఒకసారి మూలిగి ఊరుకుంది. వేళ్ళకి ఏ మీటా తోచలేదు.

"ఏటిది, పిల్లి పెసవం పడుతున్నట్టు?"

"నడిస్తేగాని పాలివ్వని గేదండి బాబూ అది!"

గదంతా గొల్లున నవ్వింది.

"మా బావకి నడిస్తేనే ఒస్తాది," అన్నాడు బుల్లియ్య. తాయారు తమ్ముడు. ఈ గదిలో లింగరాజుకి చోటిప్పించినవాడూ అతనే.

"నడవడానికి ఇదేటి మైదానమా?" అన్నాడు వీరన్న. "సూడు లింగరాజూ. కూకుని వాయిస్తే పెట్టి ఉంతాది. నేకపోతే అమ్మీ. అదున్న సోట ఒక మనిసి తల పెట్టుకుంతాడు."

"నా తలే తీసేత్తాను," అన్నాడు లింగరాజు. "సోటు సరిపోద్ది."

పెట్టె చంకన పెట్టుకుని మెట్లు దిగాడు.

వీధిలో వాయించబోయాడు. రిక్షావాడు గంట కొట్టాడు. గోదాము కాపలావాడు కర్ర చూపించాడు. నదీతీరం రోడ్డు మీద కొంచెం ఖాళీ దొరికితే నాలుగడుగులు వేశాడు. పాటలో మూడు మలుపులు. మొదటిది వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది రాలేదు.

 గదిలో వాయించే వీలు లేక నెలలైంది, వేళ్ళు మర్చిపోతున్నాయి. తాయారు చీరలు జ్వరం అంటుతుందని ఊళ్ళో తగలబెట్టించారు. ఆమెది మిగిలింది ఈ పాటే. ఇదీ పోతే ఆమె పోవడం పూర్తవుతుంది.

నడవడానికి నేల కావాలి. అవతలి ఒడ్డున దలాలో ఉంది. సంపాను పడవ ఎక్కాడు. తాడు విప్పుతుండగా బుల్లియ్య పరిగెత్తుకొచ్చి దూకాడు.

"ఎందుకొచ్చేవు?"

"నువ్వెక్కడికెల్తన్నావో అని."

"సావడానికైతే నీకు సెప్పే ఎల్తాను. సూద్దువుగాని."

బర్మా పడవవాడు ఇద్దరి మొహాలూ చూసి తెడ్డు మీదే దృష్టి పెట్టాడు.

దేశానికి తిరిగిపోయేవాళ్ళకి ఓడ ఉచితమని, మళ్ళీ రామని వేలిముద్ర వేయాలని నేటాల్‌లో దొరలు చాటించినప్పుడు, రండి, ఇల్లుందని కబురంపింది ఈ బుల్లియ్యే. ఓడలో తాయారుకి జ్వరం తగిలింది. తీరా ఊరు చేరితే పెద్దలు అడ్డం నిలిచారు. సముద్రం దాటినవాళ్ళు, ఏం తిన్నారో, ఎవరితో తిన్నారో, ఇంట్లోకి రాకూడదన్నారు. బుల్లియ్య తలూపాడు. అక్కని పశువుల పాకలో పడుకోబెట్టాడు. లింగరాజు మందుకోసం చికాకోలు పట్నం వెళ్ళి వచ్చేసరికి అంతా అయిపోయింది. మరుసటేడు వానల్లేక బుల్లియ్య తనే రంగూను ఓడెక్కాడు. ఆ పెద్దలే రేవుదాకా వచ్చి సాగనంపారు. ఊళ్ళో లింగరాజుకి నీళ్ళు పుట్టలేదు, నేటాల్‌కి దారి లేదు. అతనూ ఇక్కడికే వచ్చి పడ్డాడు.

"నువ్వూ దాటేవు కదరా సముద్రం," అన్నాడు లింగరాజు నది మధ్యలో. "నిన్నెవరు పాకలో పెట్టేరు?"

వచ్చిన రోజునుంచీ అడుగుతూనే ఉన్నాడు.  బుల్లియ్య వంగి పడవ అడుగున చేరిన నీళ్ళు దోసిలితో తోడసాగాడు.

దలాలో కోతలైపోయాయి. మోళ్ళ మధ్య గట్టు తిన్నగా సాగిపోయింది. లింగరాజు అడుగు వేసి తిత్తి తెరిచాడు. వేళ్ళు కదిలాయి. ఒక మలుపు, రెండు మలుపులు, మూడో దగ్గర పాట గోతిలో పడింది. మొదటికి వచ్చాడు. మళ్ళీ అక్కడే పడింది. ఎన్నిసార్లు లేపినా అక్కడే. పొద్దు వాలుతోంది.

వెనక దూరంగా నడుస్తున్న బుల్లియ్య దగ్గాడు.

"బావా. అక్కడ కిందకి దిగదు. మీదకెల్తాది."

సన్నగా కూనిరాగం తీశాడు. సరిగ్గా అదే.

లింగరాజు ఆగిపోయాడు. "నీకెలా తెల్సు?"

"పాకలో అప్ప రేత్రంతా అదే తీసింది. నువ్వు సికాకోలు ఎల్లినావు. నాను గుమ్మంలో కూకున్నాను. 'పొయ్యి మీద గిన్నెట్టరా, మీ బావొచ్చేస్తన్నాడు' అంది. జొరం మాటలనుకున్నాను."

"ఎట్టేవా?"

"ఏటి?"

"గిన్నె."

కొంగలు మోళ్ళలోంచి లేచిపోయాయి.

"నేదు బావా."

లింగరాజు పెట్టెని గుండెకి ఆనించుకున్నాడు. తర్వాత అన్నాడు, "మల్లీ తియ్యి."

బుల్లియ్య తీశాడు. వేళ్ళు వెతుక్కుని మీట పట్టుకున్నాయి. పాట గోతి దాటింది. బుల్లియ్య మొహం విప్పారింది, రెండంగల్లో పక్కకి వచ్చాడు.

"ఎనకే నడు," అన్నాడు లింగరాజు. "పక్కకి రాకు."

ఇద్దరూ గట్టు చివరిదాకా నడిచారు. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగేసరికి, వెనకున్న బుల్లియ్య ముందయ్యాడు. లింగరాజు ఆగాడు. బుల్లియ్య మోళ్ళలోకి దిగి దారి ఇచ్చి, మళ్ళీ వెనక చేరేదాకా తిత్తి కదల్చలేదు.