దూకకుండా దిగిన విమానం

పక్షవాతం వచ్చిన మూణ్ణెల్లకి హేరుకి మాట తిరిగొచ్చింది గానీ కుడిచెయ్యి రాలేదు. వ్యాయామం చేయించడానికి రోజూ వచ్చే మనిషిని వాకిట్లోంచే పంపేస్తున్నాడు. చెల్లెలు రెత్నో బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. గోడకి చెప్పుకున్నట్టే అయింది.

ఓ ఆదివారం మధ్యాహ్నం ఆమె కూర నింపి వేయించిన లుంపియాల పొట్లంతో పాటు లాప్‌టాప్, ఒక పాత జాయ్‌స్టిక్ తెచ్చి అతని ముందు పెట్టింది. తెరమీద చిన్నప్పటి యుద్ధవిమానాల ఆట! సెమరాంగ్‌లో బడి ఎగ్గొట్టి, పాక్ కుస్నో అనే పెద్దాయన అద్దె కంప్యూటర్ల కొట్లో అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుని ఆడిన ఆట.

"ఇదెక్కడ దొరికిందే నీకు?" హేరు ముందుకు వంగాడు. వెంటనే మొహం ముడుచుకున్నాడు. "నేను ముట్టుకోను. నువ్వాడు, చూస్తాను."

పైన నీలం, కింద ఆకుపచ్చ గళ్ళు. ఆ ఆటలో ప్రపంచమంటే అంతే. అయినా చక్రాలు నేల విడిచేసరికి రెత్నోకి ఒళ్ళు జలదరించింది. నలభై దాటిన మనిషికి ఇదేం చోద్యమో!

"వెనకాల వాడున్నాడే మొద్దూ! ఎడమకి తిప్పు!" హేరు అరిచాడు.

ఇద్దరు శత్రువుల్ని కూల్చాక ఆమె వేలు అలవాటుగా పారాచూట్ మీటమీదికి పోయింది. కొట్లో ఉన్నది దొంగ కాపీ, దానికి ఎలా ఆడాలో చెప్పే పుస్తకం లేదు. "యుద్ధం అయ్యాక దూకెయ్యడమే, అదే రూలు" అని పాక్ కుస్నో ఆ ఆటని తనే తయారుచేసినంత ధీమాగా చెప్పేవాడు. ఆ మాట నమ్మి బంగారంలాంటి విమానాల్ని వందలకొద్దీ గాలికొదిలేశారు.

రెత్నో వేలు వెనక్కి తీసుకుంది. "నిన్న నెట్‌లో ఆ పుస్తకం చదివాను. కిందికి దిగొచ్చట అన్నయ్యా!"

"దిగడమా? ఎక్కడికి?"

"బయల్దేరిన చోటికే. చక్రాలూ వేగమూ నేను చూస్తా. స్టిక్ నువ్వు పట్టు."

"వెక్కిరిస్తున్నావా?"

"ఎడంచెయ్యి ఏం పాపం చేసింది? పట్టుకో, పడిపోతోంది!" అంటూ ఆమె స్టిక్ వదిలేసింది.

హేరు గబుక్కున ఎడంచేత్తో అందుకున్నాడు. విమానం ముక్కు నేలలో దిగబడింది. ఇంక స్టిక్ విసిరికొడతాడనుకుంది రెత్నో.

"మళ్ళీ పెట్టు" అన్నాడు.

నాలుగుసార్లు కూలింది. స్టిక్ బల్లమీద జారిపోతోంది. అయిదోసారి హేరు చచ్చుబడ్డ కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి, స్టిక్ కింది పీటమీద బరువుగా ఆనించాడు. ఈసారి స్టిక్ జారలేదు. ఆకుపచ్చ గళ్ళు మెల్లగా పైకొచ్చాయి. చక్రాలు తగిలాయి, ఎగిరాయి, మళ్ళీ తగిలి ఆగాయి. ఇంజను హోరు అణిగింది.

రన్‌వే పక్కన ఒక చిన్న మనిషి. నాలుగు చుక్కలంత ఉంటాడు. చెయ్యెత్తి ఊపుతున్నాడు.

ఇద్దరూ నోరు తెరుచుకుని చూశారు.

"ఓరి నాయనో!" హేరు ఎడంచేతి వేలు తెరకి ఆనించాడు. "మనం దూకేసిన ప్రతిసారీ వీడిక్కడ ఇలాగే నిలబడ్డాడంటావా?"

"నిలబడే ఉంటాడు అన్నయ్యా."

హేరు ఆ చుక్కల మనిషినే చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆ వ్యాయామం ఆయన రేపెన్నింటికొస్తాడు?"

"తొమ్మిదింటికి."

"వాకిట్లో నిలబెట్టకు. లోపలికి రమ్మను."