శుక్రవారం ఒంపని నీళ్ళు

నేను ఒక సిమెంటు గాబుని. తొట్టి అని పిలిచేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. తొట్టిలో గేదెలు మూతి పెడతాయి. నేను నడుమెత్తున నిలబడి పదిహేను బిందెల నీళ్ళు కడుపులో దాచుకునేదాన్ని.

కడియం దగ్గర ఓ షెడ్డులో ఇనుప అచ్చులో నన్ను పోసింది వీర్రాఘవులు మేస్త్రి. అచ్చు విప్పాక వారం రోజులు తడిగోనె కప్పి, రోజూ నీళ్ళు చల్లాడు. ఆఖరికి నిండా నీళ్ళు పోసి ఒక రోజంతా ఉంచి, కింద నేల తడిమి చూసుకుని, "చుక్క కారితే నా పేరు మార్చుకుంటాను" అన్నాడు. ఆ మాటకి ఎంత పొంగిపోయానో! ఆయన పేరు మార్చుకోవాల్సిన అవసరం రాలేదు. కారిపోయి ఉంటే బాగుండేదని ఇప్పుడు ఏడుస్తున్నాను.

మండపేటలో ఓ పెంకుటింటి పెరట్లో, చూరు కింద నన్ను దించారు. ఆ ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. పెద్దామె కాంతామణి, భర్త పోయాక పుట్టింటికి వచ్చేసింది. చిన్నామె వరాలు, పెళ్ళి ఊసెత్తనివ్వకుండా కుట్టుమిషనుతో, మల్లెమొక్కలతో కాలక్షేపం చేసేది. కుళాయి నీళ్ళు పోస్తే మల్లె ఆకులు పండబారుతున్నాయని చూరు నీళ్ళు నాలోకి పట్టడం మొదలుపెట్టింది వరాలే. నిండిన మొదటి రోజున కాంతామణి నాకు పసుపు రాసి మూడు బొట్లు పెట్టింది. మనుషులు అంతే. పనికొచ్చిన ప్రతిదాన్నీ దేవుణ్ణి చేసేస్తారు, ఆ తర్వాత దాన్ని కడగడం మానేస్తారు.

ఆ శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. అంచుదాకా నిండాను. నాలుగైదు రోజులకి నాలో ఏదో కదిలింది. వెంట్రుక ముక్కల్లాంటి పురుగులు, తలకిందులుగా వేలాడుతూ, తోక పైకి పెట్టి గాలి పీలుస్తున్నాయి. నీడ పడితే చాలు, మెలికలు తిరుగుతూ అడుగుకి దిగిపోయేవి. నాకు కితకితలు పెట్టినట్టుండేది. నిజం దాచను, సంతోషపడ్డాను. నా కడుపులోనూ పిల్లలు తిరుగుతున్నాయని మురిసిపోయాను.

శుక్రవారం పొద్దున్న ఆశా కార్యకర్త మేరీరత్నం వచ్చింది. నాలోకి తొంగి చూసి గుండెల మీద చెయ్యేసుకుంది.

"అమ్మో, కాంతమ్మగారూ! ఇయన్నీ దోమపిల్లలండి. పక్కీధిలో ఇద్దరికి డెంగ్యూ వచ్చింది. ఇయ్యాల నిలవనీళ్ళు పారబోసే డ్రైడే కదండి, ఒంపేసి గాబు బోర్లించెయ్యండి."

"శ్రావణ శుక్రవారం పూట నిండు గాబు ఒంపుతారేటి ఎవరైనా? లక్ష్మిని చేతులారా కాలవలోకి తోసినట్టు కాదూ? రేపు ఒంపేత్తాంలే."

"దోమలకి వారం, వర్జ్యం ఉంటాయేటండి?"

వరాలు బక్కెట్టు పట్టుకుని ముందుకొచ్చింది. "నేను ఒంపేత్తానక్కా. ఆ దోషమేదో నాకే తగలనీ."

"నోర్ముయ్యి. పండగ నెలలో ఏం మాటలే అవి?" అంటూ కాంతామణి బక్కెట్టు లాక్కుంది.

"మరి వడకట్టుకుంటే లక్ష్మికి కోపం రాదుగా?" అని వరాలు నవ్వుతూ టీ వడకట్టే జాలీ తెచ్చింది. ముంచడానికి ఆమె వంగితే చాలు, నీడ చూసి అవన్నీ అడుగుకి పారిపోయేవి. దొరికినవాటిని ఎండలో గచ్చు మీద దులిపేసింది. సగానికి పైగా నాలోనే మిగిలాయి.

శనివారం కుళాయి రాలేదు. ఉన్న నీళ్ళు పారబోసుకుంటామా అని ఆగారు. ఆదివారం తెల్లవారేసరికి నీళ్ళ మీద ఖాళీ పొట్టు తేలుతోంది. పొట్టు విడిచిన ప్రతి దోమా కాసేపు నీళ్ళ మీద నిలబడి, రెక్కలు ఆరబెట్టుకుని, గోడ దాటి వెళ్ళిపోయింది. సోమవారం నన్ను బోర్లించి, పీచుతో తోమి, మళ్ళీ నిలబెట్టారు. పని అయిపోయిందనుకున్నారు.

రెండు వారాలకి ఒకటి తిరిగి వచ్చింది. కాళ్ళ మీద తెల్ల చారలు. అది నాదే. ఎలా తెలుసని అడగకండి, కన్నవాళ్ళకి తెలుస్తుంది. మల్లెమొగ్గలు కోస్తున్న వరాలు మడమ మీద వాలి కుట్టింది. ఆమె చేత్తో విదిలించి మళ్ళీ పనిలో పడింది. నాకు అరవాలనిపించింది.

జ్వరం వచ్చిన ఐదో రోజున వరాలుని ఆటో ఎక్కించారు. చేతుల నిండా ఎర్రటి మచ్చలు. "మొక్కలకి నీళ్ళు పొయ్యడం మర్చిపోకక్కా" అంది. మళ్ళీ ఆమె గొంతు ఈ పెరట్లో వినపడలేదు.

పెద్దకర్మ అయ్యాక మేరీరత్నం వచ్చి కాంతామణి పక్కన కూర్చుంది. "ఆ దోమ ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరికి తెలుసండి? ఊరంతా గుంటలే. మీరు మనసులో పెట్టుకోకండి."

నాకు తెలుసు. చూరు నీళ్ళు పక్కకి మళ్ళించేశారు, నాలో చుక్క లేదు. అయినా ఎండిన అడుగున ఇప్పటికీ మెలికలు తిరుగుతున్నట్టే ఉంటుంది. మబ్బు పడితే అవి కిందికి దిగుతాయి, ఎండ కాస్తే పైకి వస్తాయి. లేవని తెలుసు. కానీ ఆగవు.

మల్లెలు ఎండిపోయాయి. కాంతామణి ఇప్పుడు అటు వెళ్ళదు, నా దగ్గరికే వస్తుంది. నిన్న నా అంచు పట్టుకుని, తల లోపలికి వంచి అడిగింది.

"నిజం చెప్పు. నీలోంచేనా?"

కాదని చెప్పాలని ఎంత కొట్టుకున్నానో. ఆమెకి కాస్త నిద్ర పట్టేది. కానీ ఖాళీ గాబు తను విన్న మాటనే తిరిగి అనగలదు. నీలోంచేనా, అన్నాను.

కాంతామణి నుదురు నా అంచుకి ఆనించి, "అది ఒంపుతానంది. నేనే ఒంపనివ్వలేదు" అంది.

ఆ మాట కూడా ఆమెకే తిరిగి ఇచ్చాను.