ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది

మా అక్కని వదిలేసిన మనిషి నా క్లాసులో మొదటి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చూడగానే ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే, దాచుకోవడం ఎందుకు, పట్టరాని సంతోషం కూడా కలిగింది. వాడు తనంతట తానే నడిచొచ్చి నా చేతికి చిక్కాడు.

పీజీ కంప్యూటర్ సైన్స్‌లో చేరిన ప్రతివాళ్ళకీ మా దగ్గర ముందు పునాది కోర్సు ఉంటుంది. ప్రోగ్రాం రాయడం, అది సరైనదని లెక్కల ప్రకారం చూపించడం. అది చెప్పేది నేనే. చివర్లో అందరి ముందూ బోర్డు మీద పరీక్ష. కంప్యూటర్ ఉండదు. రాసిన ప్రోగ్రాంని రాసినవాళ్ళే చేత్తో నడిపి, ఏ అడుగులో ఏ విలువ ఎంతో వరసలు వేసి చూపించాలి. తప్పితే సీటు పోయినట్టే. వాడి కంపెనీ వాడికి సెలవిచ్చి పంపింది ఆ సీటు చూసుకునే.

అక్కా వాడూ డిగ్రీలో ఒకే క్లాసు. పెళ్ళయ్యాక కొన్నాళ్ళకి, "మట్టిబుర్రతో నా వల్ల కాదు" అని బంధువులందరికీ చెప్పి మరీ వదిలేశాడు. అప్పట్నుంచీ ఏ పెళ్ళికి వెళ్ళినా పిన్నులూ అత్తలూ దాన్ని జాలిగా చూడటమే. పాపం చదువు అబ్బలేదు, అందుకే మొగుడు వదిలేసి పోయాడు అని దాని వెనకాలే చెప్పుకుంటారు. అది ఒక ఆఫీసులో ప్రోగ్రాములే రాస్తుందన్న సంగతి ఒక్కరి బుర్రకీ ఎక్కదు. ఆ మట్టిబుర్ర అన్న మాట వాడి మొహానే అతికించాలని నాకు కోరిక.

క్లాసులో వాడు నన్ను మేడమ్ అనేవాడు. వరండాలో ఎదురైతే మాత్రం నవ్వుతూ, మరదలు గారు మార్కులు బాగానే వేస్తారుగా అనేవాడు. నేను పళ్ళు నూరుకుంటూ పోయేదాన్ని.

పరీక్షలో అందరికీ ఒకటే ప్రశ్న ఇచ్చాను. చిన్న నుంచి పెద్దకి పేర్చిన పది అంకెలు, అందులో అడిగిన అంకెని సగం సగం చేసుకుంటూ వెతకాలి. వాడి వంతు వచ్చేసరికి అంకెల్ని తిరగేసి, పెద్ద నుంచి చిన్నకి పేర్చి ఇచ్చాను. వాడది చూడనే లేదు. బట్టీ పట్టిందంతా గుక్క తిప్పుకోకుండా బోర్డు మీద దింపేశాడు. నడిపించమన్నాను. మొదటి అడుగులోనే వెతుకులాట అటు పోవాల్సింది ఇటు పోయింది. చాలు, కూర్చోమన్నాను. నాకు కడుపు నిండిపోయింది.

ఎగురుకుంటూ ఇంటికి వెళ్ళేసరికి అక్క బట్టలు మడతపెడుతోంది. వాడు అప్పుడే ఊదేసినట్టున్నాడు, నాకన్నా ముందే పెద్దత్త ఫోన్ వచ్చిందట, మీ ఇంటిల్లిపాదికీ ఇంత కక్షేమిటే అని. అయినా సరే, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను.

"మిగతావాళ్ళకీ తిరగేసిన అంకెలే ఇచ్చావా?" అంది.

"లేదు. వాడొక్కడికే."

చేతిలో చొక్కా అలాగే పట్టుకుని మంచం మీద కూర్చుంది. "అయితే ఆయన తప్పలేదు. నువ్వు తప్పించావు. ఇక బతికున్నంతకాలం మరదలు పగ తీర్చుకుందని చెప్పుకుంటాడు. నేను మట్టిబుర్రగానే మిగిలిపోతాను. చేతులారా ఆయనకి సాకు ఇచ్చొచ్చావు కదే."

వాడిని ఇప్పటికీ ఆయన అంటుంది, అదొకటి నాకు చిరాకు. అందరికీ ఇచ్చిన ప్రశ్నే ఇస్తే బట్టీతో గట్టెక్కేస్తాడని వాదించాను.

"గట్టెక్కడు. ఆయన ఏదీ పూర్తిగా బట్టీ పట్టడు. అందరికీ ఇచ్చిన ప్రశ్నే ఇప్పించు. అడిగేది మాత్రం నువ్వు కాకూడదు," అంది. ఇంక నా మాట వినలేదు.

మర్నాడు మా డిపార్ట్‌మెంట్ పెద్దాయన దగ్గరికెళ్ళి వాడు నాకేమవుతాడో చెప్పాను. ముందే చెప్పొద్దా అని చెడామడా తిట్టి, వాడెవరో తెలియని సీనియర్ సారుకి మళ్ళీ పరీక్ష అప్పగించారు. నేను వెనక బెంచీలో నోరు మూసుకుని కూర్చోవాలని షరతు.

అవే పది అంకెలు, చిన్న నుంచి పెద్దకి. వాడు నా వైపు ఓ నవ్వు విసిరి రాయడం మొదలుపెట్టాడు. లైను తర్వాత లైను సరిగ్గానే పడుతుంటే నాకు గుండె జారిపోయింది. అప్పుడు కనిపించింది. వెతికేది మధ్య అంకె కన్నా పెద్దదైతే, వెతుకులాట మధ్య చోటు దాటి తర్వాతి చోటు నుంచి మొదలవ్వాలి. వీడు మధ్య చోటులోనే నిలబెట్టాడు. ఒకటి కలపడం వదిలేశాడు. మొన్న తొందరపడి మొదటి అడుగులోనే ఆపేసిన నేను అది గమనించనే లేదు.

సారు చివరి అంకెని వెతకమన్నారు. మేము చోట్లని సున్నా నుంచి లెక్కపెడతాం కాబట్టి అది తొమ్మిదో చోటు. మొదలు, చివర, అర వస్తే వదిలేసి మధ్య అని వాడు వరసలు వేస్తూ పోయాడు. ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది. కింద మళ్ళీ ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది. తుడిచి మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే. కానివ్వండి, కానివ్వండి అంటూ సారు మర్యాదగా చూస్తున్నారు. బోర్డు అడుగుదాకా అదే వరస దిగింది. వాడి చొక్కా వీపుకి అంటుకుపోయింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

"ఇది ఎప్పుడు ఆగుతుంది?" అన్నారు సారు.

వాడు గిర్రున నా వైపు తిరిగాడు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"ఆవిడని చూస్తారేం? ప్రశ్న నాది, రాసింది మీరు."

"నాది కాదు సార్," అన్నాడు వాడు. "డిగ్రీలో నా ప్రోగ్రాములన్నీ మా ఆవిడే రాసిచ్చేది. ఇదీ తను రాసిందే. తప్పు తనదే."

క్లాసంతా విన్నది. వాడన్నదేమిటో వాడికి ఆ తర్వాత తెలిసింది, మొహం మాడిపోయింది. నాకూ ఆ సంగతి తెలియడం అదే మొదలు.

సాయంత్రం అక్కని నిలదీశాను. ఒకటి కలపడం తానెన్నడూ మర్చిపోలేదంది, రాసిచ్చింది ఆయన సగమే చూసుకునేవాడంది. మరి ఇన్నేళ్ళూ నాకైనా ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నేను చెబితే ఎవరు నమ్ముతారే? ఆయన నోటితోనే రావాలి. తప్పు బయటపడితే ఎవరో ఒకరి మీదకి నెట్టకుండా ఆయన ఉండలేడు. నిన్ను పక్కకి తప్పించాక, ఇక మిగిలింది నేనేగా," అంది.

మా ఇంట్లో పగ పట్టడం చేతనైంది నాకొక్కదానికే అనుకున్నాను ఇన్నాళ్ళూ.